రికార్డుల గది దండకం

మధ్యలో ఎక్కడో ఒక అక్షరం తప్పింది. ఆమె నిట్టూర్చి మళ్లీ మొదటికొచ్చింది. కళ్లజోడు ముక్కు కొసకు జారింది, పెదవులు కదులుతున్నాయి, వేళ్లు మాత్రం దారి తెలిసినట్టు కీబోర్డు మీటల మీద నడిచిపోతున్నాయి.

"అక్కయ్యా, దండకం ఇంకా అవలేదా? మేం టీ తాగి కూడా వచ్చేశాం," అన్నాడు ఎదురుబల్ల గుమాస్తా.

"నీలా మూడు ముక్కల్లో ముగించడం నాకు రాదులే నాయనా."

ఆసుపత్రి రికార్డుల గదిలో ఆమెకిదే ఆఖరి రోజు. ఎవరి కడుపు నిలవలేదో, ఎవరికి ఏ జబ్బు పట్టిందో, అంతా ఆమె పాస్‌వర్డ్ వెనకే భద్రంగా ఉంటుంది. ఒకప్పుడు చెల్లెలి జబ్బు సంగతి ఇలాంటి గదిలోంచే పొక్కి, కుదిరిన పెళ్లి చెడింది. అప్పటినుంచి ఆమెకు గుట్టంటే ప్రాణం. అందుకే ఒకదానికొకటి పొంతన లేని మాటలు ఏరి, బారెడు పాస్‌వర్డ్‌గా పేర్చుకుంది. మొగుడు దాని కూపీ లాగబోతే కూర మాడుతోందంటూ లేచి వెళ్లిపోయేది.

సరిగ్గా ఇవాళే పరీక్షాధికారి దిగాడు. దొంగల పద్ధతిలోనే పాస్‌వర్డ్‌లు ఛేదించి చూపించడం అతని పని.

"లోపల రికార్డులను దాచిన సంకేతలిపిని విప్పడం ఎవరి తరమూ కాదండీ. అందుకే దొంగలు దాని జోలికి పోరు, తాళంచెవి కోసం, అంటే మీ పాస్‌వర్డ్ కోసం వెతుకుతారు," అంటూ పాస్‌వర్డ్‌లు వరసగా ఊహించే తన యంత్రాన్ని వదిలాడు.

ఆమె కళ్లజోడు పైకి తోసుకుంది. ఇన్నేళ్ల కాపలా చివరి రోజున నవ్వులపాలైతే?

గుమాస్తా పాస్‌వర్డ్ కూతురి పేరు, పుట్టిన సంవత్సరం. టీ చల్లారేలోపే దొరికిపోయింది.

"చివర ఆశ్చర్యార్థకం కూడా పెట్టానండీ!"

"అందరూ అక్కడే పెడతారండీ."

మధ్యాహ్నానికి పెద్ద డాక్టరుతో సహా ఆఫీసంతా బోర్లాపడింది. సాయంత్రం పరీక్షాధికారి ఆమె ముందు రెండు చేతులూ ఎత్తేశాడు.

"మీది నావల్ల కాదమ్మా. ఈ యంత్రం ఇలాగే తిరుగుతుంటే నా మనవలు ముసలివాళ్లయిపోతారు. అంత పొడుగు, పైగా ఊహకందదు."

గుమాస్తా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గదంతా అందుకుంది. ఆమె నవ్వుతూ లేచింది. వరండాలోకి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది.

"గెలిచానే!"

"ఏం గెలిచావక్కా?"

"చెప్పనుగా!"

ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

తన ఖాతా మూసేయించి, ఆ మాటలను తనతోనే తీసుకుని, ఆమె సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. గుమాస్తా కొత్త పాస్‌వర్డ్ మొదలుపెట్టాడు, ఎంతకీ ముగించలేదు. ఎదురుగా, ఖాళీ అయిన బల్ల మీద ఆమె కీబోర్డు మిగిలింది, ఒక్క అక్షరమూ లేకుండా అరిగి, నున్నగా.