బంగారం కొట్లో పిస్టన్లు

హుకుంపేట సంతకు ఆడవాళ్లను తీసుకెళ్తూ స్వర్ణ నడిపే జీపు పొగ కక్కి మొరాయించింది. ఇంజను తనే విప్పి, అరిగిన సిలిండర్లను బోరింగ్ పట్టించి నున్నగా చేయించి, వాటికి సరిపడే కొత్త పిస్టన్ల కోసం ఆమె పార్వతీపురం వచ్చింది. పాత జీపు కావడంతో అసలు కంపెనీవి దొరకడం లేదు. స్పేర్ పార్టుల కొట్టు రమణమూర్తి వేరే కంపెనీలవి మూడు సెట్లు చూపించాడు.

“నాలుగూ ఒకే బరువుండాల బాబూ. నేకపోతే ఇంజను వణికిపోద్ది,” అంది స్వర్ణ.

“నా కాడ కాటా నేదమ్మా.”

“పక్కన బంగారం కొట్టుంది కదా!”

రమణమూర్తి నవ్వుతూ డబ్బాలు తనే మోసుకొచ్చాడు. బంగారం కొట్టు పద్మావతి కాటా మీద గుడ్డ పరిచి ఒక్కో పిస్టన్నూ తూచింది. మొదటి సెట్టులో తొమ్మిది గ్రాముల తేడా వచ్చింది. రెండోదానిలో పదకొండు. మూడో సెట్టులో మూడు పిస్టన్లు ఒకే అంకె చూపించాయి. నాలుగోది పెట్టేసరికి గాజులు బేరమాడేవాళ్లు కూడా వంగి చూశారు. అదే అంకె! ఉంగరం కొనడానికొచ్చిన పెళ్లికొడుకు ఈల వేశాడు.

“ఇయ్యే! ఇయ్యే ఇచ్చీ బాబూ!” స్వర్ణ గెంతులేసింది.

“తరుగెంత ఎయ్యమంటావమ్మా?” అంది పద్మావతి. కొట్టంతా పగలబడి నవ్వింది.

తర్వాతి సంతరోజున జీపు కొండెక్కుతుంటే వెనక సీట్లోంచి దేముడమ్మ కంగారుగా అడిగింది.

“సప్పుడు నేదు, ఆగిపోనాదేటే?”

“చెట్లు ఎనక్కి పోతన్నాయి, చూడు పిన్నీ!” అంది స్వర్ణ స్టీరింగు తిప్పుతూ.

దేముడమ్మ బయటికి చూసి సంబరంగా గట్టిగా కేక వేసింది.