చంపావతిలో ఒక్క మునక

నా నెత్తిన నీళ్ళు పోయడానికి శృంగవరపుకోట చర్చిలో అందరూ సిద్ధంగా ఉన్నారు, నేను తప్ప. బల్ల మీద నిండు చెంబు, పక్కన తెల్ల తువ్వాలు. చెంబు తళతళా తోమి తెచ్చింది నాకు కాబోయే అత్తగారు ఫిలోమినమ్మ. ఆదివారం పూజకు ముందు జపమాల చెప్పించేది ఆవిడే, చర్చి మెట్లు కడిగించేదీ ఆవిడే. ఆవిడ కాదన్నది ఆ విచారణలో, అంటే ఆ చర్చి కిందున్న ఊళ్ళలో, జరగదని అక్కడ మతపాఠాలు చెప్పే ఉపదేశి ఇమ్మానుయేలు మేష్టారికి బాగా తెలుసు.

మాది నెల్లిమర్ల. మేం బాప్టిస్టులం, అంటే ఎదిగాక ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకునేవాళ్ళం. నాన్న డేవిడ్‌రాజు జనపనార మిల్లులో పనిచేస్తాడు. నేను విజయనగరంలో ఒక ల్యాబులో రక్తం తీస్తాను. ఫిలోమినమ్మ కొడుకు జోజి కరెంటు లైన్‌మ్యాన్. వాళ్ళు ఆర్సీయం, అంటే కథోలికులు. ఇద్దరం ఇష్టపడ్డాం, రెండిళ్ళవాళ్ళూ సరేనన్నారు. తీరా పెళ్ళి దగ్గర పడ్డాక మేష్టారు గుడ్డు మీద ఈకలు పీకడం మొదలుపెట్టారు. బాప్టిస్టుల బాప్తిస్మం చెల్లదట. నేను మళ్ళీ జ్ఞానస్నానం, అంటే వాళ్ళ పద్ధతిలో నెత్తిన నీళ్ళతో బాప్తిస్మం, తీసుకుంటేగాని చర్చిలో పెళ్ళి ప్రకటన చదవరట.

జోజి ఫోనులో బతిమాలాడు. "రెండు సుక్కలు నీలే కదా సుహాసినీ. పోయించీసుకుంటే ఏటి పోతాది? అమ్మ మనసు కుదుటపడతాది."

నాకు ఒళ్ళు మండింది. బాప్తిస్మానికి చంపావతి ఏట్లోకి నన్నెవరూ నెట్టలేదు. డిగ్రీ చదివేటప్పుడు నా ఇష్టంతో నేనే దిగాను. మా అమ్మ వెంకటలక్ష్మి నా చెయ్యి పట్టుకుని నాతోపాటే దిగింది. ఆమె పుట్టిల్లు రైతుల ఇల్లు, హిందువుల ఇల్లు. ఆ మునకకి ఆమె ఏం పోగొట్టుకుందో నాకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ నీళ్ళు పోయించుకుంటే, ఆ రోజు మేమిద్దరం బట్టలు తడుపుకోవడం తప్ప ఇంకేమీ జరగలేదని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. పెళ్ళి ఆగితే ఆగనీ అనుకున్నాను. అనుకుని ఏడ్చాను కూడా. జోజి అంటే నాకు ప్రాణం.

అయినా చర్చికి వెళ్ళాను, కాదని మొహం మీదే చెప్పడానికి. అమ్మ వెంట వచ్చింది.

"తల వొంచమ్మా," అంది ఫిలోమినమ్మ. "ఫాదర్‌గారికి మళ్ళా బొబ్బిలిలో పనున్నాదట."

"వొంచనత్తా."

మేష్టారు దగ్గారు. ఆ విచారణకి కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు ఏం జరుగుతుందా అన్నట్టు నా వైపు చూశారు.

"మా పాస్టరుగారు మీవోడిని కూడా ముంచాలంటన్నారు," అన్నాను. "పసిబిడ్డకి పోసిన నీలు లెక్కలోకి రావట. ఇన్నాళ్ళూ మీతో ఈ మాట అన్నానేటి? అనలేదు. ఇప్పుడంటన్నాను. పదండి, ముందు చంపావతికెల్దాం. బావ అక్కడ మునగనీ, తరవాత నాను తల వొంచుతాను."

తల్లి వెనక నిలబడ్డ జోజి కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. ఫిలోమినమ్మ గయ్యిమంది.

"మావోడికెందుకే? ఆడికి పుట్టిన నెలకే అయిపోనాది. అయిపోయినదాన్ని మళ్ళా సేస్తారేటి?"

"నానూ అదే అంటన్నానత్తా."

 మేష్టారు "అది ఏరు, ఇది ఏరు" అని అందుకున్నారు. ఫాదర్‌గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు.

"ఎవరి నామాన ముంచారమ్మా?"

"తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామాన."

"చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ ముందుకు వచ్చింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. కానీ ‘క్రైస్తవం తీసుకున్నావు కదా, పేరు మార్చుకో’ అని పదిమందీ అంటే, ‘నా పేరు నాదే’ అని కూర్చున్న మనిషి.

"నాను సూసినాను బాబూ. దీని పక్కనే మునిగినాను. దీని నాన్నని సేసుకుంటే మావోలు ఓర్సుకున్నారు. ఏట్లో మునిగినానని తెలిసి మాత్రం తలుపేసీసినారు. మా అమ్మ పోయినప్పుడు కూడా తియ్యలేదు. ఈదిలో నిలబడి ఏడిసి వొచ్చీసినాను." అమ్మ ఫాదర్‌గారి వైపు ఇంకో అడుగు వేసింది.  "ఆ నీలు సాలవంటే మరింకే నీలు సాలతాయి? సెప్పండి."

 నాకు గర్వంతో కళ్ళు నిండాయి.

ఫాదర్‌గారు తువ్వాలు మడిచి పక్కన పెట్టారు. "మేష్టారూ, ఇది మీరు అడగవలసింది కాదు. జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారే. ఈ అమ్మాయికి అయిపోయింది. మళ్ళీ పోస్తే తప్పు నాది." నా వైపు తిరిగారు. "మన కథోలిక సభలో చేరాలని నీకెప్పుడైనా అనిపిస్తే విశ్వాసం ప్రకటిస్తే చాలు. చేరకపోయినా బిషప్‌గారి అనుమతి తెప్పించి పెళ్ళి నేనే చేస్తాను."

"ఊరోలికి ఏటి సెప్పాల?" ఫిలోమినమ్మ గొణిగింది.

"అయిపోనాదని సెప్పమ్మా," అన్నాడు జోజి. ఇన్ని రోజుల్లో అతని నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

ఆవిడ కొడుకును కొరకొరా చూసింది. తరవాత అమ్మను చూసింది. అమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఫిలోమినమ్మ లోపలికి వెళ్ళి గ్లాసు తెచ్చి, బల్ల మీది చెంబులోంచి నీళ్ళు వంపింది. ఇంకా ఎవరూ ఆశీర్వదించని, ఉట్టి బోరింగు నీళ్ళు.

"తాగు వొదినా. నోరెండిపోనాది."

అమ్మ తాగింది. నేను చెంబు అందుకున్నాను. అత్తగారు చూస్తుండగానే మిగిలినవన్నీ గటగటా తాగేశాను, ఒక్క చుక్క కూడా నెత్తిన పడకుండా.