ఖాళీ ఇంటి మౌనం

పరుపులు కుట్టి బతికే ఆమెను వీధంతా నిజాలక్క అని పిలిచేది. ఆ పిలుపులో గౌరవమెంతో వెక్కిరింత కూడా అంతే. పాత దూదిని కొత్త దూదని అమ్మడం చేతకాని పరుపుల వ్యాపారి ఈ భూమ్మీద ఆమె ఒక్కతేనని నవ్వేవారే, తమలో తగవు తెగనప్పుడు ఆమె గడప ముందు నిలబడి, "అక్కా, నువ్వు చూశావుగా, చెప్పు" అని బతిమాలేవారు. ఆమె అవునంటే అవును, కాదంటే కాదు. ఒట్టు మాత్రం వేయదు. ఆమె చెందిన చిన్న క్రైస్తవ సంఘంలో ఎవరూ వేయరు. ఒట్టు వేసినప్పుడే నిజం చెప్పేవాడు మిగతా వేళల్లో ఏం చెబుతున్నట్టు అన్నది వారి ప్రశ్న. వారు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగి, సొంత నోటితో ఒప్పుకొన్నవారికే ఇస్తారు. ఆయుధం పట్టరు. అందుచేత, యుద్ధం మొదలై, వయసొచ్చిన ప్రతి మగవాడూ తుపాకి పట్టి తీరాలన్న ఆజ్ఞ వెలువడిన నాటినుంచి ఆ చిన్న సంఘానికి కంటిమీద కునుకు లేదు.

ఆ మధ్యాహ్నం వాన ముసురు పట్టి ఉన్నది. నిజాలక్క కింది గదిలో నేలమీద చతికిలబడి, వంకీ సూదితో ఒక పరుపు అంచు కుడుతున్నది. కుడుతున్నదన్న మాటేగాని చెవులు రెండూ మేడమీదే ఉన్నాయి. అక్కడ, చెక్క నేలమీద పేర్చిన దూది బేళ్ళ వెనక, ఒక మెకానిక్ ఊపిరి బిగబట్టి పడుకొని ఉన్నాడు. గత ఏడాదే బాప్తిస్మం తీసుకున్న యువకుడు. సైనిక శిబిరంలో చేతికిచ్చిన తుపాకిని నేలమీద పెట్టి, తెల్లవారేసరికి ఆమె తలుపు తట్టాడు. ఎందుకు వచ్చావని ఆమె అడగలేదు. చీకటి పడే వేళకు తన అన్న వచ్చి అతణ్ణి వేరొక ఇంటికి చేరుస్తాడు. అందాకా గడిస్తే చాలు.

గడుస్తుందా అన్నదే ఆమె భయం. ఆ భయానికి కారణం సైనికులు సగమైతే, తక్కిన సగం ఆమె చేసిన తప్పు.

ఆజ్ఞ వెలువడిన కొత్తలో సంఘమంతా ఆమె అన్న ఇంట్లో కూడింది. ఆయన వడ్రంగి, సంఘానికి పెద్ద. మన ఇళ్ళలో ఎవరైనా తలదాచుకొన్నప్పుడు వాళ్ళు వచ్చి అడిగితే ఏం చెప్పాలన్నది ఆనాటి చర్చ.

"లేడని చెప్పాలి. ప్రాణం కన్నా మాట ఎక్కువా?" అన్నాడు దర్జీ.

"ఇవాళ ప్రాణం కోసం చెప్తావు. రేపు పరువు కోసం చెప్తావు. ఎల్లుండికి అలవాటైపోతుంది," అంది ఒక ముసలమ్మ.

"అయితే ఉన్నాడని చెప్పి పట్టించమంటావా అవ్వా?"

"నోరు మూసుకోమంటాను. దేవుడు పళ్ళిచ్చింది నమలడానికే అనుకున్నావా? నాలిక్కి తలుపులు కూడా అవే."

అందరూ నవ్వారు. వడ్రంగి మాత్రం నవ్వలేదు. "అవ్వ చెప్పింది సరే. ప్రభువు కూడా అధికారి ముందు నోరు విప్పలేదు. కానీ ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు లేడని చెప్పి, మనిషున్నప్పుడు మాత్రం ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే వాళ్ళకి జవాబవుతుంది. కాబట్టి ఇంట్లో ఎవరున్నారని అడిగితే మనలో ఏ ఒక్కరమూ, ఎప్పుడూ జవాబు చెప్పొద్దు. ఖాళీ ఇంట్లో కూడా చెప్పొద్దు. ఖాళీ ఇంట్లోనే ముఖ్యంగా చెప్పొద్దు," అన్నాడు.

అందరితోపాటు నిజాలక్క కూడా తల ఊపింది. తల ఊపడానికేం, గడప మీద బూటు పడనంతవరకు అందరూ ధీరులే.

బూటు పడే రోజు రానే వచ్చింది. సార్జంటు మరెవరినో వెతుకుతూ వచ్చాడు. ఇల్లు ఖాళీ. దాచడానికి దూది తప్ప మరేమీ లేదు. అతడు "ఇంట్లో ఎవరైనా ఉన్నారా అక్కా?" అనీ అనకముందే ఆమె, "లేరయ్యా, ఎవరూ లేరు. కావాలంటే చూసుకోండి," అనేసింది. అంతకు మించిన నిజం ఉండబోదు. "నువ్వు లేరంటే చూడక్కర్లేదు," అని సార్జంటు వెనుదిరిగి, నేరుగా వడ్రంగి తలుపు తట్టాడు.

వడ్రంగి ఇల్లు కూడా ఖాళీయే. ఆయన జవాబు చెప్పలేదు.

"మీ చెల్లెలు చెప్పింది. నువ్వెందుకు చెప్పవు?"

ఆయన ఊరుకున్నాడు. సార్జంటు వెంట వచ్చిన జవాన్లు నేల పలకలు పెళ్ళగించారు. అడ్డు వెళ్ళకపోయినా లాఠీ దెబ్బ ఆయన కుడి మణికట్టు మీద పడింది. పలకల కింద దొరికింది ఒక ఎలుక గూడు. ఆ మణికట్టు తర్వాత సరిగ్గా అతకలేదు. చిత్రిక పట్టిన చెయ్యి చెంచా పట్టడానికే తంటాలు పడుతున్నది.

ఆమె వెళ్ళి అన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చినప్పుడు ఆయన అన్నది ఒక్క మాటే. "నువ్వు అబద్ధం చెప్పలేదమ్మాయ్. అదే బాధ." రొట్టె విరిచే ఆదివారం ఒకరి పాదాలు మరొకరు కడగడం వారి ఆచారం. ఆ ఆదివారం ఆమె వదిన పాదాలు కడిగింది. నీళ్ళు తగిలినప్పుడు వదిన పాదం బిగుసుకుంది. ఆ బిగింపు నిజాలక్క అరచేతుల్లో ఇప్పటికీ ఉన్నది.

ఇప్పుడామె భయం ఇదీ: ఖాళీ ఇంట్లో ఒకసారి నోరు విప్పింది కనుక, ఈసారి మూసుకుంటే ఆ మూసుకోవడమే మెకానిక్‌ను పట్టిస్తుంది. విప్పితే, పుట్టి బుద్ధెరిగాక ఆడని అబద్ధం ఆడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమే నిజాలక్కా!" అంటూ బట్టలు ఇస్త్రీ చేసే పక్కింటామె తలుపులోంచి తొంగిచూసింది. సంఘానికి చెందినది కాకపోయినా సంఘం సంగతులన్నీ ఆమెకే ముందు తెలుస్తాయి. "ఎలకల సార్జంటు మలుపు తిరిగాడు. ఇటే వస్తున్నాడు. ముఖం తుడుచుకో, చెమట చూస్తే పరుపు నీళ్ళలో కుట్టావనుకుంటాడు."

ఆమె ముఖం తుడుచుకునేలోపే బూట్లు గడప దాటాయి. సార్జంటు వెంట ఒకే ఒక్క జవాను ఉన్నాడు.

"ఏం అక్కా, ఈ వానకి దూది చెమ్మెక్కదూ?" అని సార్జంటు బల్లమీద కూర్చున్నాడు. "నా పెళ్ళికి కుట్టావు చూడు, ఆ పరుపు! మా ఇంట్లో ఇప్పటికీ గుంట పడనిది అదొక్కటే."

ఆమె నవ్వబోయింది. పెదవులు కదలలేదు.

"మీ మెకానిక్ శిబిరంలోంచి పారిపోయాడు. తుపాకి కింద పెట్టి, నాయకుడికి దణ్ణం పెట్టి మరీ పోయాడట! మర్యాదస్తుడే. ఇక్కడున్నాడా?"

మేడమీద ఏదో చిటుక్కుమంది. వాన చినుకే కావచ్చు.

"లేడు" అన్నది ఎంత చిన్న మాట! అంటే చాలు, సార్జంటు మెట్టు కూడా ఎక్కడు. ఏళ్ళ తరబడి ఆమె పలికిన నిజాలన్నీ కలిసి ఈ ఒక్క అబద్ధాన్ని భుజాలమీద మోసుకుపోతాయి. ఆమె నోరు తెరిచింది. నాలుక అంగిటికి తగిలింది కూడా. ఆ క్షణాన ఆమెకు దేవుడు గుర్తుకు రాలేదు, సంఘం గుర్తుకు రాలేదు. తడిసిన పాదమొకటి తన చేతుల్లో బిగుసుకోవడం గుర్తుకు వచ్చింది.

"చెప్పను," అంది.

సార్జంటు కనుబొమలు ముడిపడ్డాయి. "అదేంటి? పోయినసారి అడక్కముందే చెప్పావుగా?"

"పోయినసారి చెప్పడం తప్పు."

జవాను సార్జంటు వైపు చూశాడు. సార్జంటు అతడికి మేడ చూపించాడు. జవాను ఇనుప చువ్వ పట్టుకొని మెట్లెక్కాడు. చువ్వ దూదిలో దిగబడే చప్పుడు ఉండదు. ఆమె ఆ లేని చప్పుడునే వింటూ సూదిని వేలిలో గుచ్చుకుంది. ఇంతలో పైన ఒక తుమ్ము వినిపించింది. వెంటనే మరొకటి. తుమ్మింది ఒకరో ఇద్దరో ఆమెకు అంతుపట్టలేదు.

జవాను ముక్కు తుడుచుకుంటూ, మీసాలనిండా దూదితో దిగి వచ్చాడు. "అంతా బేళ్ళే సార్. అన్నీ కదపాలంటే మనుషులు కావాలి. నేల కూడా చెక్కదే. పెళ్ళగించాలంటే గునపాలు తేవాలి."

"నేలా?" సార్జంటు ముఖం మాడింది. "మళ్ళీ నేలేనా? ఈవిడ అన్న కూడా ఇలాగే మూగనోము పట్టాడు. ఇల్లంతా తవ్వితే ఎలక పిల్లలు దొరికాయి. శిబిరంలో ఇప్పటికీ నేను ఎలకల సార్జంటునే." ఆమెవైపు చూసి ఉన్నట్టుండి నవ్వాడు. "అర్థమైందిలే. మీ అన్న నీకు తలంటు పోసినట్టున్నాడు! ఎవరేం అడిగినా పలకొద్దన్నాడా? మీ సంఘం గోల మీది. పద రా!"

వారు వెళ్ళిన తర్వాత ఆమె సూది గుచ్చుకున్న వేలిని కొంగుకు తుడుచుకుంది. తన మౌనం మెకానిక్‌ను పట్టించలేదు. ఆ సంగతి ఆమెకు మెల్లగా తెలిసివచ్చింది. ఖాళీ ఇంట్లో పెదవి విప్పక అన్న విరగ్గొట్టించుకున్న ఆ మణికట్టే ఈ పూట ఆమె తలుపుకు అడ్డగడియ అయింది.

చీకటి పడుతుండగా వడ్రంగి తోపుడుబండితో వచ్చాడు. పాత పరుపులో మెకానిక్‌ను చుట్టి బండిమీద పడుకోబెట్టారు. చుట్టేముందు అతడు, "పెద్దమ్మా, నాకోసం మీరు లేడని చెప్పినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు," అన్నాడు.

"తెలుసు బాబూ. అందుకే అంత భయమేసింది."

బండి కదలబోతుండగా ఆమె అన్న చెయ్యి పట్టుకుంది. "చెప్పబోయానన్నయ్యా. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆగింది నా ధైర్యం వల్ల కాదు."

"ధైర్యం ఉన్నవాళ్ళ కోసమైతే ఈ నియమం దేనికమ్మాయ్?" అన్నాడు ఆయన.

"ఎవరింటికి తీసుకెళ్తున్నావు?"

ఆయన జవాబు చెప్పలేదు. చెల్లెలికి కూడా చెప్పలేదు. ఎడమచేతితో బండిని నెట్టుకుంటూ వానలోకి సాగిపోయాడు.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. భయం తీరిందనుకుంది. తెల్లవారి పొయ్యి వెలిగించకముందే తలుపు దడదడలాడింది. సార్జంటు వెంట ఈసారి అరడజను మంది ఉన్నారు. వారి చేతుల్లో గునపాలు ఉన్నాయి. అతడి ముఖంలో నిన్నటి నవ్వు జాడైనా లేదు.

"నిన్న నేను నవ్వుకుంటూ పోయానక్కా. మా పై అధికారి నవ్వలేదు. వీధిలో మీవాళ్ళ ఇళ్ళన్నీ తవ్వమన్నాడు. నీ మీద గౌరవం కొద్దీ ముందు నిన్నడుగుతున్నా. ఉన్నాడా, లేడా? లేడని ఒక్క మాట అను. నీ గడప దాటి మీవాళ్ళలో ఇంకొకరి దగ్గరికి పోతా. అనకపోతే ఈ దూదంతా వానలోకి పోతుంది. నువ్వు బండెక్కి మాతో వస్తావు. అక్కడ అడిగేది నేను కాదు."

ఇప్పుడు ఇల్లు ఖాళీ. లేడన్నది నిజం. పచ్చి నిజం. దాన్ని పలికితే దేవుడి ఆజ్ఞ ఏదీ మీరినట్టు కాదు. ఆమె ఒంట్లోని ప్రతి ఎముకా ఆ నిజం కోసం మొత్తుకున్నది. నిన్న అబద్ధం ముందు ఇంత భయపడలేదు. కాని ఆమె లేడన్న మరుక్షణం గునపాలు సంఘం వారి తక్కిన ఇళ్ళకు పోతాయి. అక్కడ పలకనివారి మౌనం ఉన్నాడని అరుస్తుంది. ఆ ఇళ్ళలో ఏదో ఒకదానిలో మెకానిక్ ఉన్నాడు. ఎవరింట్లోనో ఆమెకు తెలియదు.

"చెప్పవే!" ఇస్త్రీ చేసే పక్కింటామె వీధిలోంచి అరిచింది. "నిజమే చెప్తావుగా, చెప్పి చావు! సార్, ఆ ఇంట్లో ఎవరూ లేరు సార్, నేను చెప్తున్నా!"

"నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు? పోయిన నెల నా చొక్కా కాల్చి, కొన్నప్పుడే కాలి ఉందన్నదానివి," అన్నాడు సార్జంటు తల తిప్పకుండానే. "ఈవిడ చెప్పాలి. చెప్పక్కా."

నిజాలక్క పళ్ళు బిగించింది. అవి టకటక కొట్టుకుంటున్నాయి, అయినా తెరుచుకోలేదు. ఆమె వెళ్ళి, సగం కుట్టిన పరుపు పక్కన కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు.

సార్జంటు మేడవైపు చెయ్యి విసిరాడు. బూట్లు ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కాయి. మొదటి బేలు కిటికీలోంచి వానలో పడింది. ఆమె దారం కొసను పెదవులతో తడిపి మళ్ళీ ఎక్కించబోయింది.

పైన, గునపం మొన కింద, మొదటి పలక కిర్రుమంటూ లేచింది.