నూనె పెట్టిన తల

సూలూరులో మా ఆయన సెంతిల్ పనిచేసే షెడ్డులో లారీలకు బాడీలు కడతారు. ఈ ఏడాది ఓనరు రాఘవేంద్రన్‌గారు ఒక వ్యానును ఇల్లులాగా కట్టించారు. అందులో మంచం, పొయ్యి, సింకు, స్నానాల గది అన్నీ ఉన్నాయి. బాడుగకు ఇచ్చే ముందు ఒక దూరపు ఊరికి పోయి, ఎక్కడ ఊగుతోందో ఎక్కడ కారుతోందో చూసి రమ్మని మా ఆయనకు చెప్పారు. ఏ ఊరికని చెప్పలేదు. అది మా అత్త వీరాయి చెప్పింది.

"కుట్రాలం." అక్కడ కొండ మీంచి పడే జలపాతాన్ని అరువి అంటారు.

మా పాప ఇలక్కియకు మూడేళ్ళు. పోయిన ఏడాది చలికాలంలో దానికి ఊపిరి అందక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాము. గొంతులో పిల్లి కూర్చున్నట్టు శబ్దం వచ్చేది. అప్పుడు అత్త వరండాలో నిలబడి, వార్డంతా వినేటట్టు మొక్కింది. "కుట్రాలనాథా, నా మనవరాలికి ఊపిరి సరిగా రానీ. నీ అరువి కింద నిలబెడతాను." ఊపిరి సరిగా వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, చలిలో తల తడపవద్దు అన్నాడు. ఏడాదిగా ఈ రెండు మాటలూ మా ఇంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ చలికాలం, మార్గళి నెల, బండి కూడా వచ్చేసింది.

నేను పాపకు నాలుగు స్వెటర్లు, రెండు మంకీ టోపీలు, జ్వరం చూసే కడ్డీ, మందు పొగ పట్టే మిషను సర్దాను.

"ఇందూ, మనం పోయేది కుట్రాలానికే. కాశ్మీరుకు కాదు" అన్నాడు సెంతిల్.

"మిషనుకు ప్లగ్గు ఎక్కడుండాది, చూపించు."

చూపించాడు. పెట్టి చూశాను. వదులుగా ఉంది. నోట్‌బుక్కులో మొదట రాసింది అదే. నా బడి తొమ్మిదితో ఆగిపోయినా, మా ఇంట్లో చేతిరాత నాదే. అందుకని బండి తప్పులు రాసే పని నాకు పడింది. ఉడుమలైపేట దాటగానే అలమారా తలుపు తనంతట తాను తెరుచుకుంది. మదురై దాటాక స్నానాల గది కొళాయి కారడం మొదలైంది. మంచం మీద కూర్చున్న అత్త ప్రతి గుంతకూ ఎగిరిపడి, "ఇది రాసినావా?" అని అడుగుతూ వచ్చింది.

మరునాడు పొద్దున బండి అద్దాలన్నీ మంచు పట్టి ఉన్నాయి. దూరంగా హోరు వినిపిస్తోంది.

"అమ్మా, నాయనని మోటరు ఆపమను" అంది పాప.

"అది మోటరు కాదమ్మా. నీళ్ళు."

"నీళ్ళనే ఆపమను."

సెంతిల్ టీ కోసం పోయాడు. బండి నిలిపిన చోట చలి ఎంతుందో చూద్దామని దిగాను. అక్కడ తమిళంలో పెద్ద బోర్డు ఉంది. అరువిలో నూనె, సబ్బు, షాంపూ వాడకూడదు, నూనె పెట్టుకుని వచ్చినవాళ్ళను లోపలికి విడవరు. రెండుసార్లు చదివాను. మా అత్తకు చదువు రాదు.

బండి ఎక్కేసరికి అత్త గిన్నెలో నువ్వుల నూనె గోరువెచ్చగా చేస్తోంది. మా ఇళ్ళలో కొత్త నీళ్ళు తలకు తగిలే ముందు నూనె పెట్టాలి. ఏరైనా సముద్రమైనా అంతే. ఆమె పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నడినెత్తిన నూనె పోసింది.

"ఇంకొంచెం పెట్టండత్తా" అన్నాను.

అత్త నా ముఖం చూసింది. మూడేళ్ళలో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. గిన్నె బోర్లించింది. నూనె పాప చెవుల మీదుగా కారింది. నేను మనసులో దేవుడికి క్షమాపణ చెప్పుకుని, కారిన నూనెను మళ్ళీ తలకే పట్టించాను.

అరువి దగ్గర ఆడవాళ్ళ వరుస మొదట్లో స్వెటరు వేసుకున్న పోలీసమ్మ ఉంది. పాప టోపీ తీసి తల తాకి, వేలు అత్తకు చూపించింది. "పాట్టీ, ఎణ్ణెయ్!" అంది, అవ్వా నూనె అని.

"ఇది మొక్కు" అంది అత్త తమిళంలోనే.

"మొక్కైనా షాంపూ అయినా ఒకటే రూలు. ఈ బిడ్డను విడవను."

అత్త నా వైపు చూసింది. నేను జలపాతం వైపు చూశాను. అది పడుతోంది.

రేషను కొట్టులో చక్కెర తక్కువైతే అరగంట జగడమాడే మనిషి, ఇక్కడ రెండు మాటలతో ఆపేసింది. "నేనైతే పోవచ్చునా? నా తలకు నూనె లేదు" అని సంచిలోంచి మూతా పిడీ ఉన్న స్టీలు గిన్నె, తూక్కు తీసింది. స్నానానికి పోయే మనిషికి తూక్కు ఎందుకని నాకు అప్పుడు తోచలేదు.

తడిసి, దవడలు కొట్టుకుంటూ, తూక్కు నిండా నీళ్ళతో తిరిగి వచ్చింది. ఆ నీళ్ళను బండిలో పొయ్యి మీద పెట్టాము. మోచేతితో వేడి చూసి, స్నానాల గదిలో పాపను నిలబెట్టి, దేవుడి పేరు చెప్పి అత్తే తల మీద పోసింది. నేను ఊపిరి బిగబట్టి పాప ఊపిరి విన్నాను. పిల్లి లేదు.

"అమ్మా, అరువి వెచ్చంగా ఉండాది" అంది పాప.

నూనెకు తూము మూసుకుపోయి నీళ్ళు మంచం కిందికి వచ్చాయి. మళ్ళీ టీకి పోయి వచ్చిన సెంతిల్ తలుపు తీసి, జారి, టీతో సహా కూర్చున్నాడు.

"ఏమ్మా, బండిలో వాన పడిందా?"

"మొక్కు తీరింది. లేచి తుడువు" అంది అత్త.

ఆయన తుడిచేందుకు గుడ్డ వెతకబోతే, నేను అత్త తల ఆరబెడుతూ చెప్పేశాను. "అత్తా, ఆ బోర్డు నేను ముందే చదివినాను."

"తెలుసు. మీ మామ బతికుండే కాలంలో వచ్చినప్పుడు నాకు చదివి చెప్పినాడు."

"తెలిసీ నూనె పెట్టినారా?"

"మొక్కింది నేను. నేనే తప్పితే దేవుడు ఊరుకుంటాడా? పోలీసు ఆపితే, ఆయనా పోలీసూ మాట్లాడుకుంటారు." తువాలు నా చేతిలోంచి తీసుకుంది. "ఆ తొమ్మిది దినాలు నువ్వు ఒక్కదానివే వింటివా ఆ శబ్దం?"

ఆమె గట్టిగా తుమ్మింది. తెచ్చిన నాలుగు స్వెటర్లలో ఒక్కటీ ఆమెకు పట్టలేదు. మంకీ టోపీ మాత్రం పట్టింది. కుందేలు చెవులున్న ఆ టోపీతో మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

నోట్‌బుక్కు తీసి రాశాను. స్నానాల గది తూము సరిలేదు. నేల జారుతోంది. పొయ్యి బాగుంది.

"తుమ్ము కూడా రాసినావా?" అంది అత్త.