గేటు దాటి వచ్చిన మూట

"కూరలో దారం" అని మా ఆయన రెండు వేళ్ళతో పైకెత్తి చూపించాడు. నీలం దారం, గోరంత ముక్క. నేనే ఏదో నేరం చేసినట్టు లేచి కంచం మార్చాను. "ఇల్లా ఇది, దర్జీ కొట్టా?" అన్నాడు, కొత్త కంచంలో చెయ్యి పెడుతూ.

దుప్పట్లో దారాలు, దువ్వెనలో దారాలు, అత్తయ్య మందుబిళ్ళల డబ్బాలో దారాలు. ఆవిడ బిళ్ళతోపాటు ఒకటి మింగేస్తే, అది గొంతుకి అడ్డం పడితే, ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటే? ఇలాంటివే తోస్తాయి నాకు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తాను.

మూడు నెలల కిందటి దాకా ఈ దారాలు కంపెనీలోనే ఉండేవి. విదేశాలకు చొక్కాలు పంపే కంపెనీ మాది. కుట్టు పూర్తయిన చొక్కాకి వేలాడే దారం కొసలన్నీ చిన్న కత్తెరతో కత్తిరించడం మా సెక్షన్ పని. పదకొండేళ్ళు చేశాను. ఒకరోజు మధ్యాహ్నం మిషన్లన్నీ ఆపించి మేనేజరు గారు మాట్లాడారు. "మనలాంటి దేశాల సరుకు మీద మన చొక్కాలు కొనే ఆ పెద్ద దేశం ఇన్నాళ్ళూ సుంకం వేసేది కాదమ్మా. ఇప్పుడా మినహాయింపు తీసేసింది. కొనేవాళ్ళేమో ఆ సుంకం మీరే భరించుకోండి అంటున్నారు."

"మేమేం చేశాం సార్?" అని అడిగింది ఇస్త్రీ అక్క.

"మీరేం చెయ్యలేదమ్మా. అది దేశాల మధ్య సంగతి."

"దేశాల మధ్య సంగతైతే మా మిషన్లెందుకు ఆపారు?"

ఆయన కాసిని మంచినీళ్ళు తాగారు. వారం తిరక్కుండా మా సెక్షన్ ఎత్తేశారు. పని మాత్రం ఎత్తెయ్యలేదు. మూటలు కట్టి, ఇంటికి పట్టుకెళ్ళి కత్తిరించి తెమ్మన్నారు. ఇంట్లో కూర్చుని హాయిగా చేసుకోవచ్చన్నారు. అంటే కరెంటు మాది, కత్తెర మాది, నడుం నొప్పి మాది. హాజరు పట్టీలో పేరు ఉండదు. రోజంతా పట్టే మూటకి ఇచ్చేది, అంతకు ముందు సగం రోజుకి వచ్చేదంత.

మా ఆయన సంతోషించాడు. "ఇంటిపట్టునే ఉంటావు, రెండు పనులూ జరుగుతాయి. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. ఆ రెండు పనులూ చేసేది ఒక మనిషేనని ఆయన లెక్కలోకి రాలేదు. అత్తయ్య అయితే నేను కత్తెర పట్టుకుని కూర్చోగానే, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త వేణ్ణీళ్ళు పెట్టు" అంటుంది. కంపెనీలో గంట కొట్టాక నా చేతులు నావి. ఇంట్లో కొట్టే గంట ఏది? పొయ్యి మీద ఒక కన్ను, మూట మీద ఒక కన్ను పెట్టి కూర్చున్నా మూటలు తరిగేవి కావు.

అప్పుడు మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పదో తరగతి. "నువ్వు వంట చూసుకో అమ్మా, నేనో రెండు కత్తిరిస్తా." వద్దన్నాను. నోటితో వద్దన్నాను, చేత్తో కత్తెర అందించాను. దానిది ఎడమచేతి వాటం. వాళ్ళ నాన్న దాన్ని ఎడమచేతి కలెక్టరు అని ఏడిపిస్తాడు. రెండు చొక్కాలు ఇరవయ్యయ్యాయి, ఇరవై సగం మూటయింది. క్లాసులో కునుకుతోందని టీచరు కబురు చేసింది. దానికి చూపు మందగిస్తుందని, మెడ వంగిపోతుందని, పరీక్ష పోతుందని రోజూ భయపడ్డాను. భయపడుతూనే రోజూ దాని పక్కన మూట విప్పాను.

సోమవారం మూట అప్పజెప్పడానికి వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళ లోపు వారికి లోపల పని లేదని గేటు పక్కన పెద్ద బోర్డుంది. విదేశాల నుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటో కూడా తీసుకుంటారు. సూపర్‌వైజరక్క నా మూట విప్పి, ఒక చొక్కా కాలరు తిప్పి చూసింది.

"ఎంత శుభ్రంగా ఉందో చూడు. కానీ ఇది నీ చెయ్యి కాదే. కొసలన్నీ అటువైపు ఏటవాలుగా తెగాయి. ఎడమచేత్తో కోసింది. మీ అమ్మాయా?"

పదకొండేళ్ళు నా చేతిని చూసిన మనిషి. ఆమె దగ్గర అబద్ధం చెల్లదు, తలూపాను.

"భయపడకే పిచ్చిదానా, నేనెవరికీ చెప్పను. నీకంటే చురుకుగా ఉంది. పరీక్షలవగానే దాని పేర కూడా రెండు మూటలు పంపిస్తా. ఇంట్లోనే కదా, అడిగేవాళ్ళెవరు?"

ఆమె నవ్వుతూనే అంది, మెచ్చుకుంటూనే అంది. నా బిడ్డ గురించి ఎన్నో చెడ్డ కలలు కన్నాను గానీ, ఒకరు దాన్ని ఇలా మెచ్చుకుంటారని ఏ కలలోనూ రాలేదు. కొత్త మూట నా ముందుకి తోసింది. నేను ముట్టుకోలేదు.

"ఏమే, తీసుకో. మామీద పడ్డ సుంకం భారం కూడా చూడాలి కదా" అంది.

"చూశానక్కా. కొనేవాళ్ళు మీమీదకి తోశారు, మీరు నామీదకి తోశారు. నేనూ ఊరుకోలేదు, నా కిందున్న దానిమీదకి తోశాను" అన్నాను. "ఇక తొయ్యను. లోపల స్టూలు వేసి, పట్టీలో పేరు రాస్తే నా చేత్తో నేను కత్తిరిస్తాను. లేకపోతే వద్దు."

"నీ ఒక్కదాని కోసం సెక్షన్ తెరుస్తారా?"

"తెరవరు" అన్నాను. వెనక వరసలో మూటలతో నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. నేను వట్టి చేతులతో బయటికొచ్చాను.

అద్దె, అత్తయ్య మందులు, ఆయన అనబోయే మాటలు, అన్నీ నాకంటే ముందే ఇంటికి చేరిపోయాయి. గుమ్మంలోనే అడిగాడు, "మూటేది?" అని.

"తేలేదు. రేపు పొద్దున్నే ఇంకో పనికి అడగడానికి వెళ్తున్నాను" అన్నాను. "అత్తయ్యకి వేణ్ణీళ్ళు మీరు పెట్టండి, కంచాలు మీరు తియ్యండి. అమ్మాయి చదువుకుంటుంది. దాన్ని పిలవకండి."