కల్లంలో మేర

కనకవ్వ చీపురు పట్టి వడ్ల రాశి చుట్టూ మళ్ళీ ఊడ్చింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఊడవడానికి అక్కడేమీ లేదు, కానీ చేతులు ఊరికే ఉంటే నోరు ఊరుకోదు. రాశి మీద బూడిద గీతలు గీసి మూడు రోజులైంది. భూమి గలాయన వచ్చి ఎదురుగా నిలబడేదాకా వాటిని చెరపకూడదు, గింజ ముట్టకూడదు. ఆ భూమి గలాయన సదయ్య, గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. మొన్న ఓవర్‌టైం అన్నాడు, నిన్న జీతాల రోజన్నాడు. ఇవాళ మొదటి షిఫ్టు దిగి వస్తానని కబురు పంపాడు. ఈయనకైతే షిఫ్టులున్నాయి, అడవిపందులకు లేవాయె! మూడు రాత్రులు కావలి కాసి ఆమె కళ్ళు చింతనిప్పులయ్యాయి.

పదకొండేళ్ళ కింద బాయిలో నౌకరి దొరకగానే సదయ్య తన రెండెకరాలు ఆమె భర్త నర్సింగానికి సగపాలుకు ఇచ్చాడు. నాలుగేళ్ళకు నర్సింగం జ్వరమొచ్చి పోయాడు. దినాలు కాగానే కనకవ్వ మడిలోకి దిగింది. యాభై దాటిన సన్నటి మనిషి. బురదకు అరిగిన కాలిగోళ్ళు, గోచి పెట్టి కట్టిన చీర, ఎడమ బొటనవేలి మీద కొడవలి తెగిన మచ్చ. విత్తనం ఆమెదే, ఎరువు ఆమెదే, ఎడ్ల కిరాయీ ఆమెదే. పంట మాత్రం చెరిసగం. దానికి ఏనాడూ నోరెత్తలేదు.

పొద్దు వాలుతుండగా సదయ్య సైకిల్ దిగాడు. చెవుల వెనక బొగ్గు ఇంకా పోలేదు. అప్పటికే వడ్రంగి రాజం బండి ఆపుకొని, గంపతో కూర్చున్నాడు. ఏడాదంతా నాగళ్ళు బాగుచేసినందుకు కల్లంలో ఆయనకిచ్చే గింజలను మేర అంటారు. ముందు ఉమ్మడి రాశిలోంచి మేర తీస్తారు, తర్వాతే పంపకం. సదయ్య గీతలు చెరిపి, ఈసారి ముందే సగాలు చేద్దాం, మేర నీ సగంలోంచి ఇచ్చుకో అన్నాడు. ఊళ్ళో అందరూ అలాగే చేస్తున్నారట.

కనకవ్వకు ఒళ్ళు మండింది.

"నాగలి నా నెత్తి మీద నడిచిందా సదయ్యా? నీ భూమిలనే నడిచె గద."

"గట్లయితే భూమి వేరేటోళ్ళు అడుగుతున్నరక్కా. నీ ఇష్టం."

రాజం ఇబ్బందిపడి లేవబోయాడు. ఆమె కూర్చోమంది. కుంచం తీసుకొని, ఉమ్మడి రాశిలోంచే అతని గంప నింపింది. తర్వాత మిగిలింది అటు బస్తాల్లో ఒక కుంచం, ఇటు బస్తాల్లో ఒక కుంచం పోసింది. రాజం ఎదుట అడ్డం పడడానికి సదయ్యకు మొహం చెల్లలేదు. అంతా అయ్యాక మాత్రం, ఉగాదికి భూమి వదిలెయ్యమన్నాడు.

వచ్చే ఏడు ఎవరి మడిలో కూలికి పోవాలో ఆమెకు తెలియదు. ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

"ఉగాది దాక ఎందుకు? గిసుంటి అన్యాలానికి నేను చెయ్య. ఇయ్యాలనే ఇడిసిపెడుతున్న."

తన బస్తాలు కుట్టుకొని, రాజం చేత ఒక చెయ్యి వేయించుకొని అతని బండికెత్తింది. ఏటా సదయ్య బస్తాలు కుట్టిందీ, అతని గడప దాకా చేర్చిందీ ఆమే. దానికి కూలి అడగాలని ఆమెకు తోచలేదు, ఇవ్వాలని అతనికీ తోచలేదు. బండి కదిలాక రాజం వెనక్కి చూసి, మరి ఆయన పాలు ఎట్లా అని మెల్లగా అడిగాడు. పగ్గాలు పట్టిన కనకవ్వ ఎడ్లను అదిలించింది.

కల్లం నడుమ సదయ్య పాలు తొమ్మిది బస్తాలు, మూతి కుట్టకుండా, ఎత్తేవాళ్ళు లేక నిలబడి ఉన్నాయి.