చిత్రికకు లొంగని తలుపు

ఆ రోజుల్లో ఆ వీధిలో తెల్లారగానే మొదట వినిపించేది కోడికూత కాదు, వడ్రంగి చిత్రిక చప్పుడు. సర్రుమని ఒక లాగు, కాస్త ఆగడం, మళ్ళీ సర్రుమని ఇంకో లాగు. ఆ చప్పుడుకే పిల్లలు లేచేవాళ్ళు, టీకొట్టాయన పొయ్యి రాజేసేవాడు. వడ్రంగి భార్య చంకలో బుట్టతో మొగుడి వెనకే తిరుగుతూ, చుట్టలు చుట్టలుగా రాలిన చెక్కపొట్టు ఏరుకునేది. నీళ్ళు కాచుకోవడానికి అంతకన్నా మంచిది లేదని ఆవిడ నమ్మకం. బుట్ట లేకుండా ఆవిణ్ని చూసినవాళ్ళు లేరు కాబట్టి ఊరంతా బుట్టమ్మ అనేవాళ్ళు. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో.

వీధిలో ఇరవై ఇళ్ళు. ఇరవై తలుపులూ ఆయన చేతి పనే, అన్నీ గాలివానకి కూలిన ఒకే చెట్టు చెక్క. చెదలు పట్టని, ఎండకి పగలని మంచి తలుపులు. వాటికున్న గుణం ఒక్కటే. ఇంట్లో ఇల్లాలి మీద చెయ్యి పడితే ఆ ఇంటి తలుపు మూతపడేది కాదు. ఎంత నెట్టినా నాలుగు వేళ్ళ సందు ఉండిపోయేది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. వాన పడితే కప్పు కారుతుంది, కొడితే తలుపు మూతపడదు, అంతే.

"చెక్క ఉబ్బింది, ఓసారి రమ్మన్నారు" అని మర్యాదగా కబురు వచ్చేది. వడ్రంగి సంచి భుజాన వేసుకుని వెళ్ళి, అంచుకి నాలుగు సార్లు చిత్రిక పట్టి, తలుపు మూసి చూపించి వచ్చేవాడు. లోపల మనిషి ఎలా ఉందో ఒక్కనాడూ తొంగి చూడలేదు. తలుపు మూతపడింది, ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంది అని అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్ళు. మంచి వీధే, మంచి మనుషులే. ఇప్పుడు తలుచుకుంటే బాధ కలిగించేది కూడా అదే.

వడ్రంగి సొంత ఇంటి తలుపు మాత్రం ఊరికి నవ్వులాట. ముప్ఫయ్యేళ్ళుగా అది సరిగ్గా మూతపడలేదు. "ఊరందరి తలుపులూ బిగిస్తావు, మీ ఇంట్లోకి మేకలు దూరుతున్నాయేమయ్యా?" అని టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అనేవాళ్ళు. ఆయన నవ్వేసి టీ తాగేవాడు. బద్ధకమని అందరూ అనుకునేవాళ్ళు.

ఆ ఏడు వానాకాలం ముగిసేలోగా చివరింటి నుంచి మూడుసార్లు కబురు వచ్చింది. అది పోస్టుమాస్టరు ఇల్లు. అతను చదువు రానివాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు, అర్జీలు రాసిపెట్టేవాడు, చీమకైనా అపకారం చెయ్యడని పేరు. అతని భార్య కాపురానికి వచ్చి ఏడాది. వచ్చిన కొత్తలో ఆ పిల్ల నవ్వితే మూడిళ్ళ అవతలికి వినిపించేది. ఆ నవ్వు వినపడటం మానేసి ఎన్నాళ్ళయిందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు వడ్రంగి తలుపు అంచుని బొటనవేలితో తడిమి చూసి, "ఇంకొక్కసారి చిత్రిక పడితే గడియ కూడా నిలవదు" అనుకున్నాడు. అయినా చిత్రిక తీశాడు. పొట్టు కోసం గొంతుక్కూర్చున్న బుట్టమ్మకి ఆ నాలుగు వేళ్ళ సందులోంచి ఒక మొహం కనిపించింది.

"పెద్దమ్మా, మంచినీళ్ళు తాగుతారా?" అని అడిగింది ఆ పిల్ల. పెదవి చిట్లి ఉంది. ఒక కన్ను సరిగ్గా తెరుచుకోవడం లేదు.

బుట్టమ్మ బుట్టని గడప మీద బోర్లించి దాని మీద కూర్చుంది.

"చిత్రిక సంచిలో పెట్టెయ్" అంది మొగుడితో.

"ఏం?"

"చెక్క సంగతి వదిలెయ్. ముందు లోపలికి చూడు."

ఆయన మొదటిసారి చూశాడు. అప్పుడే పోస్టుమాస్టరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"ఏం పెద్దాయనా, పని కాలేదా?"

"కాలేదు నాయనా" అంది బుట్టమ్మే. "దానంతటది మూతపడేదాకా నేనిక్కడే కూర్చుంటా."

"ఇది మా ఇంటి విషయం పెద్దమ్మా."

"మీ ఇంటి విషయమే. అందుకే లోపలికి రాలేదు, గడప మీదే కూర్చున్నా."

అటుగా వెళుతున్న దర్జీ భార్య ఆగింది. "ఇక్కడ కూర్చున్నావేం పిన్నీ?"

"తలుపు మూతపడటం లేదే."

దర్జీ భార్య ఇంకేమీ అడగలేదు. గుండీల డబ్బా, నాలుగు చొక్కాలు తెచ్చుకుని పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఒకావిడ చాటలో చిక్కుడుకాయలు తెచ్చి, బుట్టమ్మ ఒళ్ళోనూ ఓ గుప్పెడు పోసింది. పోస్టాఫీసు తెరిచే వేళకి గడప చుట్టూ ఏడుగురు ఆడవాళ్ళు. టీకొట్టాయన అందరికీ టీ తెచ్చి, గ్లాసులు తీసుకెళ్ళే వంకతో అక్కడే నిలబడిపోయాడు. ఎవరూ పోస్టుమాస్టరుని పల్లెత్తు మాట అనలేదు.

అతని ఓపిక చచ్చింది. "ఏ ఇంట్లో లేదిది? ఈ వీధిలో చెక్క ఉబ్బని ఇల్లు ఒక్కటి చూపించండి. పెద్దాయనా, మీరే చెప్పండి. అందరి తలుపులూ బాగుచేసింది మీరు కాదూ?"

వడ్రంగి చిత్రిక వంక చూసుకున్నాడు.

"నిజమే బాబూ. అన్నీ నేనే మూశాను" అన్నాడు. "మా తలుపు బద్ధకంతో వదిలెయ్యలేదు. ముప్ఫయ్యేళ్ళ కిందట ఉలి కనపడక, ఈవిడే పారేసిందని కొట్టాను. సాయంత్రానికి అది నా సంచిలోనే దొరికింది. ఆ తలుపు మీద చిత్రిక పెట్టనివ్వలేదు ఈవిడ. మళ్ళీ చెయ్యెత్తలేదు గానీ, తప్పయిందని కూడా ఏనాడూ అనలేదు. ఇవాళ అంటున్నా. తప్పయింది."

బుట్టమ్మ తలెత్తలేదు. ఒలిచిన చిక్కుడుకాయనే మళ్ళీ ఒలిచింది.

"ఇక ఈ వీధిలో ఏ తలుపుకీ చిత్రిక పట్టను" అని ఆయన దాన్ని గుడ్డలో చుట్టేశాడు.

అప్పుడు దర్జీ భార్య సందులోంచి అడిగింది, "అమ్మాయ్, నువ్వేమంటావు?"

ఆ పిల్ల తలుపు మీద చెయ్యి వేసి లాగింది. అది చప్పుడైనా లేకుండా బార్లా తెరుచుకుంది. ఆ తలుపులు మూయబోతేనే మొరాయించేవి, తెరవబోతే ఎన్నడూ మొరాయించలేదు. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరూ గమనించనేలేదు. పోస్టుమాస్టరు ఒక అడుగు ముందుకు వేసి, గడప చుట్టూ కూర్చున్న ఏడుగుర్నీ చూసి ఆగిపోయాడు. ఆడవాళ్ళు ఆ పిల్లకి దారి ఇచ్చి, మళ్ళీ దగ్గరగా జరిగి కూర్చున్నారు.

బుట్టమ్మ ఇంట్లో ఆ పిల్ల రెండు గ్లాసుల నీళ్ళు తాగి, చాప మీద వాలి నిద్రపోయింది. ఎండ చల్లబడే వేళ మొగుడూ పెళ్ళాలిద్దరూ అరుగు మీద కూర్చుని ఉండగా వెనకనుంచి టక్కుమని వినిపించింది. తలుపు మూసుకుంది. వడ్రంగి లేచి అంచు వెంబడి వేలు పెట్టి చూశాడు. కాగితం దూరేంత సందు కూడా లేదు.

"ఒక్క మాట అనడానికి ముప్ఫయ్యేళ్ళు పట్టింది నీకు" అంది బుట్టమ్మ. ఆవిడ కళ్ళు తుడుచుకోవడం ఆయన చూశాడు.

పోస్టుమాస్టరు తలుపులోంచి ఆ చలికాలమంతా మేకలు వచ్చి పోయాయి. చివరికి బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు. తర్వాత అద్దెకొచ్చినవాళ్ళకి ఆ తలుపు చక్కగా మూతపడింది. ఆ పిల్ల వడ్రంగి దగ్గర ఉలి పట్టడం నేర్చుకుంది. ఆయన పోయాక ఆ వీధి వడ్రంగి ఆవిడే. కిటికీలకీ, బల్లలకీ సంచి తీసుకుని వెళ్ళేది. తలుపు మూతపడటం లేదని కబురొస్తే మాత్రం సంచి ముట్టేది కాదు. బుట్టమ్మ ఇచ్చిన బుట్ట చంకన పెట్టుకుని, దారిలో నాలుగిళ్ళ వాళ్ళని పిలుచుకుంటూ వెళ్ళి, ఆ గడప మీద బోర్లించి కూర్చునేది.